పెంపుడు జంతువులకు వన్యమృగాల నుంచి రక్షణ: వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతం

ఇళ్ల దగ్గర, దొడ్లలో, మందలో సాకే జంతువులను వేటాడి తినే అడవి జీవాల బారిన పడకుండా కాపాడుకునే పద్ధతులన్నీ ఈ అంశం కిందికి వస్తాయి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో గొర్రె, మేక, నాటుకోడి, దూడ, కుక్క, పిల్లి ప్రధానమైన పెంపుడు జంతువులు. వెలిగొండల నుంచి వచ్చే చిరుతపులి మొదలుకొని పెరట్లోనే తిరిగే ముంగిస, గద్ద, జెర్రిపోతు వరకు వీటిని వేటాడే జీవాలు చాలా ఉన్నాయి. ఇక్కడి గొర్రెల కాపరులకు తరతరాలుగా తెలిసిన సూత్రం ఒకటుంది. పొద్దుగూకేసరికి ప్రతి జీవమూ దొడ్డిలోకి చేరాలి, దొడ్డికి కంప పడాలి. ఈ విషయం మీద జరిగిన శాస్త్రీయ పరిశోధన కూడా ఇదే మాట చెబుతోంది. ఊళ్లు పట్టణాలుగా పెరిగేకొద్దీ ఈ అలవాటు గొర్రెల వరకే మిగిలింది. వీధిలో పడుకునే కుక్కకు, చెట్టెక్కి నిద్రపోయే కోడికి అది అందడం లేదు.

ప్రాంతం

నెల్లూరు జిల్లాకు, కడప జిల్లాకు మధ్య వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా గోడలా సాగుతాయి. ఉదయగిరి దుర్గం ఎత్తు సుమారు 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి తర్వాత 1514లో గెలుచుకున్నాడు. కొండ అంచుల్లోని రాతి చరియలు, గుహలు, ముళ్లపొదలు మనుషుల రాకపోకలు తగ్గిన చోటల్లా అడవి జంతువులకు ఆశ్రయమిస్తాయి. దక్షిణాన రాపూరు వైపు పెంచలకోన చుట్టూ శ్రీ పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1997లో ఏర్పడిన ఈ అభయారణ్యం నెల్లూరు, కడప జిల్లాల్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించింది. ఉత్తరాన నల్లమలకు, దక్షిణాన శేషాచలానికి మధ్య జంతువులు కదలడానికి ఈ కొండల వరుస దారిగా ఉపయోగపడుతుంది.

కొండల దిగువన మెట్ట నేలలు. జిల్లాకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తీరం నుంచి పడమటికి పోయేకొద్దీ వాన తగ్గుతుంది. ఆత్మకూరుకు దగ్గరలో పెన్నానది మీద దాదాపు 78 టీఎంసీల సామర్థ్యంతో సోమశిల జలాశయం ఉన్నా, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లకు చెరువు, కుంట, బోరుబావే దిక్కు. వేసవిలో కొండమీది నీటిగుంటలు ఎండితే జింక, అడవిపంది, కుందేలు చెరువుల వైపు దిగుతాయి. వాటి వెనకే వాటిని తినేవీ దిగుతాయి. బీడుపడ్డ పొలాల్లో, చెరువు కట్టల మీద, వాగుల వెంట దట్టంగా పెరిగిన సర్కారు కంప అడవికీ ఊరికీ మధ్య ఎడతెగని చాటుగా మారింది. నక్క, జంగుపిల్లి, అడవిపంది పగలంతా ఇందులోనే దాక్కుంటాయి.

పెంపకం చరిత్ర

ఇది పశువుల దేశం. 13వ శతాబ్దపు నెల్లూరు సీమ నేపథ్యంగా సాగే కాటమరాజు కథకు మూలం కరువు కాలంలో ఆవుల మేత, దానికి చెల్లించాల్సిన పుల్లరి. పశువుల కోసం, పులితో పోరాడి చనిపోయినవారికి నిలిపిన వీరగల్లులు పక్కనున్న రాయలసీమలో కనిపిస్తాయి. మందను మృగం నుంచి కాపాడటం ఒకప్పుడు ప్రాణాలొడ్డే పని అని ఆ రాళ్లు చెబుతాయి.

జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన నెల్లూరు గొర్రె దేశంలోని గొర్రె జాతుల్లో ఎత్తైనది. ఒంటి నిండా తెల్లగా ఉండేదాన్ని పల్ల అని, తెల్లని ఒంటి మీద కళ్ల చుట్టూ, దవడ దగ్గర నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అని, గోధుమ ఎరుపు రంగుదాన్ని దొర అని పిలుస్తారు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. ఈ లెక్కలో రాష్ట్రానిది తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం.

వేసవిలో కాపరులు మందను పొలాల్లో పడుకోబెడతారు. రాత్రంతా పడే పెంటిక, మూత్రం పొలానికి ఎరువు. అందుకు రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. ఊరికి దూరంగా, ప్రతి రెండు మూడు రాత్రులకూ చోటు మారే ఈ మందకే మృగాల భయం ఎక్కువ. అందుకే కాపరులు మందకు చుట్టూ తాళ్ల వలో ముళ్లకంపో వేసి, పిల్లలను విడిగా తడికల గూటిలో మూసి, కుక్కలతో పాటు మంద అంచునే మంచం వేసుకుని పడుకుంటారు.

వేటాడే జీవాలు

చిరుతపులి. జాతీయ స్థాయి లెక్కింపు ప్రకారం దేశంలో చిరుతల సంఖ్య 2018లో 12,852, 2022లో 13,874. ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 492 నుంచి 569కి పెరిగింది. చిరుత ఎక్కువగా 10 నుంచి 40 కిలోల బరువుండే జంతువులను ఎంచుకుంటుంది. మేక, గొర్రె, దూడ, ఊరకుక్క అన్నీ ఈ కొలతలోకే వస్తాయి. మునిచీకటి నుంచి తెల్లవారేలోగా తిరుగుతుంది, అలికిడి లేకుండా వస్తుంది. నిలువుగా 3 మీటర్ల దాకా ఎగరగలదు కాబట్టి మనిషి ఎత్తు ప్రహరీ దానికి అడ్డు కాదు. చంపినదాన్ని చాటుకు ఈడ్చుకుపోయి, మిగిలినదాని కోసం మరునాటి రాత్రి తిరిగి వస్తుంది.

తోడేలు, నక్క, దుమ్ములగొండి. తోడేలు పగటిపూట కూడా మేతలో ఉన్న మంద నుంచి వెనకబడ్డ పిల్లను ఎత్తుకుపోతుంది. నక్క పెద్ద గొర్రె జోలికి రావడం తక్కువ. అప్పుడే పుట్టిన పిల్లలు, కోళ్లు దాని లక్ష్యం. దుమ్ములగొండి ప్రధానంగా కళేబరాలు తినే జంతువు. అప్పుడప్పుడు మేకపిల్లనో కుక్కనో పట్టుకుంటుంది.

జంగుపిల్లి, పునుగుపిల్లి, ముంగిస. నాటుకోళ్లకు చిరుత కంటే వీటి వల్లే నష్టం ఎక్కువ. జంగుపిల్లి కోడిని మొత్తంగా ఎత్తుకుపోతుంది. పునుగుపిల్లి రాత్రిపూట గూటి పైకప్పు సందుల్లోంచి దూరుతుంది. ముంగిస పగలు వచ్చి గుడ్లు పగలగొడుతుంది, కోడి మెడ కొరుకుతుంది.

పాములు, ఉడుము. కొండచిలువ కోడిని, పిల్లిని, మేకపిల్లను చుట్టి మింగుతుంది. జెర్రిపోతు, నాగుపాము గుడ్లను, కోడిపిల్లలను మింగుతాయి. కుక్కలకు ఎక్కువ ప్రమాదం నాగుపాము, రక్తపింజరి కాట్ల నుంచి వస్తుంది. ఇది వేట కాదు, పామును వాసన చూడబోయిన కుక్కకు పడే కాటు. ఉడుము గుడ్ల కోసం, చిన్న పిల్లల కోసం వస్తుంది.

గద్ద, డేగ, కాకి. కోడిపిల్లలు తల్లి వెంట పెరట్లో తిరిగే మొదటి ఆరు వారాల్లో పైనుంచి వచ్చే ఆపద ఎక్కువ. తల్లికోడి గద్దను చూసి అరిచే అరుపు వేరు. అది వినగానే పిల్లలు ఉన్నచోటే పొదలోకో తల్లి కిందికో చేరతాయి.

ఊరకుక్కలు. ఇవి అడవి జంతువులు కావు. అయినా గుంపుగా దొడ్లో పడి ఒక్క రాత్రిలో పదుల గొర్రెలను కొరికి చంపడం రాష్ట్రంలో తరచూ జరిగేదే. చిరుత ఒకదాన్ని చంపి తీసుకుపోతుంది. కుక్కల గుంపు మాత్రం కదిలినదాన్నల్లా కొరికి, తినకుండానే వదిలేస్తుంది.

వచ్చినదేదో గుర్తించడం

ఏ జంతువు వచ్చిందో తెలియకుండా చేసే కట్టడి చాలాసార్లు వృథా అవుతుంది. మెత్తటి నేల మీది అడుగుజాడ మొదటి ఆధారం. పిల్లి జాతి అడుగు గుండ్రంగా ఉంటుంది, గోళ్ల ముద్ర పడదు, వెనక మడమ భాగం మూడు తమ్మెలుగా కనిపిస్తుంది. కుక్క, నక్క, తోడేళ్ల అడుగు నిలువుగా ఉండి ముందు గోళ్ల గుర్తులు పడతాయి. పెద్ద కుక్క అడుగును చూసి చిరుత వచ్చిందని ఊరంతా భయపడటం, ఫోన్లలో పాత వీడియోలు చక్కర్లు కొట్టడం మామూలైపోయింది.

గాయాలు రెండో ఆధారం. గొంతు దగ్గర లోతైన రెండు మూడు కోరల రంధ్రాలు, ఈడ్చుకుపోయిన జాడ ఉంటే చిరుత. తొడలు, తోక వెనక భాగం, చెవులు చీలిపోయి, చాలా గొర్రెలు గాయపడి ఉంటే కుక్కలు. ఈకలు చెదిరి కోడి మాయమైతే జంగుపిల్లి లేదా నక్క. కోడి గూటిలోనే చచ్చిపడి తల, మెడ మాత్రమే కొరికి ఉంటే ముంగిస లేదా పునుగుపిల్లి. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము, పెంకులు పగిలి పడి ఉంటే ముంగిస లేదా కాకి.

రాత్రి కట్టడి: ప్రధాన రక్షణ

మహారాష్ట్రలోని అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా అకోలే ప్రాంతంలో అడవి లేని పంటభూముల మధ్య బతికే చిరుతల ఆహారాన్ని విద్యా ఆత్రేయ, సహపరిశోధకులు వాటి విసర్జనల ఆధారంగా అధ్యయనం చేశారు. తిన్న ఆహారం బరువులో 87 శాతం పెంపుడు, ఊరి జంతువులదే. కుక్కలే 39 శాతం, పిల్లులు 15 శాతం. ఆ ప్రాంతంలో కుక్కల కంటే మేకలు ఏడు రెట్లు ఎక్కువ ఉన్నా చిరుతల ఆహారంలో మేకల వాటా 11 శాతమే. మేకల వెంట పగలు మనిషి ఉంటాడు, రాత్రి అవి దొడ్డిలో ఉంటాయి. కుక్కకు ఆ రెండూ లేవు. చిరుత ఏం తింటుందన్నది దానికి ఏది ఇష్టమన్నదాని కంటే రాత్రి ఏది బయట ఉన్నదన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని ఈ లెక్క తేలుస్తోంది.

గొర్రెల దొడ్డి. కంప ఎంత ఎత్తున వేసినా పైన ఖాళీ ఉంటే చిరుత దూకగలదు. అందుకని ఇంటి దగ్గరి స్థిరమైన దొడ్డికి పైకప్పు, లేదా ఇనుప వల కప్పడం అవసరం. లడఖ్, స్పితి లోయల్లో మంచు చిరుతల నుంచి గొర్రెలను కాపాడటానికి చేసిన ప్రధానమైన మార్పు కూడా ఇదే. రాతిదొడ్డి పైకప్పు సందును వలతో మూసి, గట్టి తలుపు బిగించారు. ముళ్లకంప వేసేటప్పుడు మొదళ్లు లోపలికి, కొమ్మల కొసలు బయటికి ఉండాలి. లోపలి నుంచి మొదలు పట్టి లాగితే కంప బిగుస్తుంది, బయటి నుంచి జంతువు లాగితే ముళ్లు దానికే గుచ్చుకుంటాయి. పొలంలో పడుకోబెట్టే మందకు కంపతో పాటు మనిషి కాపలా తప్పదు.

కోళ్ల గూడు. పగలు పిల్లలకు వెదురు గంప చాలు. గద్ద, కాకి నుంచి అది సంపూర్ణ రక్షణ. రాత్రికి గంప పనికిరాదు, పునుగుపిల్లి దాన్ని పక్కకు తోసేస్తుంది. గూటికి మామూలు కోళ్ల వల కాకుండా అర అంగుళం కన్నుల వెల్డెడ్ మెష్ వాడితే ముంగిస, పాము దూరవు. చుట్టూ అడుగు లోతున గాని, నేల మీద బయటికి అడుగు వెడల్పున పరిచి గాని మెష్‌ను పాతితే తవ్వి లోపలికి వచ్చే జంతువులు ఆగుతాయి. గూడు నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున ఉంటే తేమ, పాము రెండూ తగ్గుతాయి. తలుపుకు కొక్కెం ఒక్కటే వేస్తే చాలదు, గడియ కూడా పడాలి. గింజలు చిందితే ఎలుకలు, ఎలుకల వెంట పాములు వస్తాయి కాబట్టి రాత్రికి మేతపాత్ర తీసేయడం కూడా రక్షణే. వేపచెట్టు మీదో చింతచెట్టు మీదో పడుకునే అలవాటున్న నాటుకోళ్లను పొద్దుగూకే వేళ గుప్పెడు నూకలతో వారం రోజులు గూటికి పిలిస్తే అలవాటు మారుతుంది.

కుక్క, పిల్లి. ఇంటి ముందు గొలుసుతో కట్టేసిన కుక్క కాపలాదారు కాదు, ఎర. చిరుత వస్తే అది పారిపోలేదు, ఎదిరించలేదు. కొండ అంచు ఊళ్లలో రాత్రి కుక్కను కటకటాల వరండాలోకో, తలుపున్న కొట్టంలోకో తీసుకోవాలి. హిమాలయాల్లోను, మహారాష్ట్రలో కొన్నిచోట్లా కాపరులు కుక్కల మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు. చిరుత మొదట పట్టేది మెడనే కాబట్టి ఇది కొంత కాపాడుతుంది. పిల్లిని చీకటి పడ్డాక లోపలే ఉంచితే దానికీ మేలు, అది వేటాడే తొండలకూ పిట్టలకూ మేలు.

కుక్కను గొలుసు లేకుండా కొండ పొదల్లోకి తీసుకెళ్లడం మరో ప్రమాదం. ఎలుగుబంటిని చూసి మొరిగిన కుక్క భయపడి యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, ఎలుగుబంటి దాని వెనకే వస్తుంది. కుక్కలతో కుందేళ్లను, జింకలను వేటాడించడం చట్టప్రకారం నేరం కూడా.

వెలుతురు, చప్పుడు. ఎప్పుడూ ఒకేలా వెలిగే దీపానికి చిరుత కొద్ది రోజుల్లో అలవాటుపడుతుంది. మారుతూ మిణుకుమనే వెలుతురే ఎక్కువ కాలం పనిచేస్తుంది. కెన్యాలో రిచర్డ్ టురేరే అనే మాసాయి బాలుడు పాత కారు బ్యాటరీ, సోలార్ పలకతో పశువుల దొడ్డి చుట్టూ వంతులవారీగా వెలిగే దీపాలు అమర్చి సింహాలను దూరం పెట్టాడు. 2013లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. మెట్టలో కాపరి టార్చిలైటు వేసుకుని రాత్రి రెండు మూడు సార్లు మంద చుట్టూ తిరగడం, కేక వేయడం పాత రూపంలో ఇదే పద్ధతి.

ఊరి బయట చెత్త

చిరుతను ఊరి దగ్గరికి తెచ్చేది ఎక్కువగా కుక్క, కుక్కను అక్కడ నిలిపేది చెత్త. మండల కేంద్రాల్లో ఆదివారం కోళ్ల దుకాణాల వ్యర్థాలు, చచ్చిన పశువుల కళేబరాలు ఊరి బయట వాగులోనో చెరువు అలుగు దగ్గరో పడేస్తే అక్కడ కుక్కలు గుంపుగా చేరతాయి. అడవిపందులు, నక్కలు వాటితో కలుస్తాయి. వ్యర్థాలను గోతిలో పూడ్చడం, కుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, టీకాలు ఒక్కటిగా సాగితేనే ఈ గొలుసు తెగుతుంది. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాల స్థానంలో 2023లో వచ్చిన కొత్త నియమాలు ఈ పనిని స్థానిక సంస్థల మీద పెట్టాయి. ఆహారం తగ్గకుండా కుక్కలను ఒకసారి తరలిస్తే పక్క ఊళ్ల కుక్కలు ఆ జాగాకు వస్తాయి.

తిరుమల నడకదారి ఇందుకు తెలుగువారందరికీ తెలిసిన ఉదాహరణ. 2023 జూన్‌లో ఒక చిన్నపిల్లవాడు చిరుత దాడి నుంచి బతికి బయటపడ్డాడు. ఆగస్టులో నెల్లూరు జిల్లాకు చెందిన ఆరేళ్ల బాలిక చనిపోయింది. తర్వాత బోనుల్లో పలు చిరుతలను పట్టుకున్నారు, పిల్లలతో నడిచే వేళలను కుదించారు, భక్తులకు కర్రలు ఇచ్చారు. దారి పొడవునా జంతువులకు తిండి పెట్టవద్దని, వ్యర్థాలు వదలవద్దని కట్టడి చేయడం వీటిలో తక్కువ ప్రచారం పొందినా మూలానికి దగ్గరైన చర్య.

నగరాల అనుభవం

హైదరాబాద్ శివారులో 2020 మే 14న కాటేదాన్ దగ్గర రోడ్డు మీద పడుకుని కనిపించిన చిరుత తప్పించుకుపోయింది. రాజేంద్రనగర్ ప్రాంతంలో దూడలను చంపిన చిరుతను అదే ఏడు అక్టోబరులో బోనులో పట్టుకున్నారు. 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయ ప్రహరీలోకి దూకిన చిరుత మేకను ఎరగా పెట్టిన బోనులో మే 3న చిక్కింది. దాన్ని నల్లమలలో వదిలారు. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువు, కడియం నర్సరీల పరిసరాల్లో చిరుత తిరిగినప్పుడు కుక్కలను, పశువులను రాత్రి లోపల కట్టుకోవాలనే అధికారులు ప్రజలకు చెప్పారు.

ఉత్తర అమెరికాలో ఈ సమస్యకు ప్రధాన పాత్రధారి కొయోటీ అనే తోడేలు జాతి జంతువు. షికాగో పరిసరాల కుక్ కౌంటీలో 2000 నుంచి సాగుతున్న పరిశోధన, నగరం నడిబొడ్డున కూడా కొయోటీలు స్థిరంగా బతుకుతున్నాయని చూపించింది. అక్కడి తెలుగు కుటుంబాలకు పెరట్లో చిన్నకుక్కను ఒంటరిగా వదలకపోవడం, కంచె ఎత్తు పెంచడం, పిల్లి తిండిని బయట ఉంచకపోవడం మామూలు జాగ్రత్తలయ్యాయి. కొయోటీ ఎదురైతే పరుగెత్తకుండా చేతులెత్తి అరవమని, చప్పుడు చేయమని అక్కడి అధికారులు చెబుతారు. మెట్ట కాపరి చేసేదీ అదే.

చేయకూడని పనులు

అడవిపందుల కోసం పొలం చుట్టూ లాగే కరెంటు తీగ, పొదల్లో వేసే ఉచ్చు, తిండిలో కలిపి పెట్టే నాటుబాంబు ఈ ప్రాంతంలో పెంపుడు జంతువులకు మృగాల కన్నా తక్కువ ప్రమాదం కావు. ఆవు, కుక్క, మనిషి, చిరుత అన్న తేడా ఈ మూడింటికీ తెలియదు. చిరుత తిని వదిలిన కళేబరం మీద పురుగుమందు చల్లితే దాన్ని తిన్న కుక్కలు, కాకులు, రాబందులు కూడా చస్తాయి.

కనిపించిన ప్రతి చిరుతనూ పట్టుకుని దూరపు అడవిలో వదలాలన్న డిమాండు సహజమే. అయితే మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో పెద్ద ఎత్తున అలా చేసినప్పుడు మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయి. దాడుల్లో చావుల నిష్పత్తి కూడా పెరిగింది. కొత్త చోట దారితెలియని చిరుత ఊళ్లలో పడుతుంది, ఖాళీ అయిన పాత చోటుకు మరో చిరుత వస్తుంది. గొర్రెలు తినేవాడు పోతే బర్రెలు తినేవాడు వచ్చాడన్న సామెతకు ఇది చక్కని ఉదాహరణ. 2011లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పట్టి తరలించడాన్ని చివరి మార్గంగానే చూస్తాయి.

రోగాలు

కాటు తగిలిన జంతువు బతికినా రేబిస్ భయం మిగులుతుంది. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా భారతదేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఊరకుక్కతో పాటు నక్క, తోడేలు, ముంగిస కాటు వల్ల కూడా ఈ రోగం వస్తుంది. గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, పారే నీటితో కడగాలి. కడిగేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. ఆ వెంటనే పశువైద్యుడికి చూపించాలి. కుక్కపిల్లకు మూడు నెలలప్పుడు మొదటి టీకా, తర్వాత బూస్టరు, ఆపై ఏటా వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలి రేబిస్ టీకా వేసిన రోజును జంతు సంక్రమిత వ్యాధుల దినంగా పాటిస్తూ పశువైద్యశాలల్లో ఉచితంగా టీకా వేస్తారు. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

టీకా రక్షణ అడవి జంతువులకు కూడా అందుతుంది. కుక్కల్లో సాధారణమైన కెనైన్ డిస్టెంపర్ వైరస్ అడవి జంతువులకు పాకగలదు. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో సింహాలు వరసగా చనిపోయినప్పుడు బయటపడిన కారణాల్లో ఇదొకటి.

పాము కరిస్తే గాటు పెట్టడం, కట్టు బిగించడం చేయకుండా జంతువును కదలనీయకుండా వైద్యం దగ్గరికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు పనిచేసే విరుగుడు మందు మనుషులకు వాడేదే జంతువులకూ పనిచేస్తుంది. పాములను గుర్తించడంలో, ఎలుకల బొరియలను కనిపెట్టడంలో నెల్లూరు జిల్లాలో ఎక్కువగా నివసించే యానాదుల నైపుణ్యం పేరుపొందింది.

చట్టం, పరిహారం

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం చిరుత, తోడేలు, కొండచిలువ, ఉడుము మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలుశిక్ష, జరిమానా పడతాయి. 2022 సవరణ జరిమానా కనీస మొత్తాన్ని రూ.25,000కు పెంచింది. మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువును పట్టడానికైనా చంపడానికైనా అనుమతి ఇవ్వగలిగేది రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి. రామచిలుకలను పట్టి పంజరంలో పెంచడం కూడా ఇదే చట్టం కింద నేరం.

మృగం చంపిన పశువుకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. అది అందాలంటే కళేబరాన్ని కదపకూడదు. అడుగుజాడల మీద గంపో తట్టో బోర్లించి చెరిగిపోకుండా చూసుకోవాలి, ఫోటోలు తీయాలి, అదే రోజు బీటు అధికారికి కబురు పంపాలి. ఉదయగిరి, ఆత్మకూరులలో అటవీ రేంజి కార్యాలయాలున్నాయి. పంచనామా, పశువైద్యుడి శవపరీక్ష నివేదిక అయ్యాకే దరఖాస్తు ముందుకు సాగుతుంది. పశుబీమా ఉన్నవారు చెవిపోగు ఊడిపోకుండా చూసుకోవాలి, అది లేకుండా బీమా క్లెయిము నిలవడం కష్టం. కోడి, కుక్క, పిల్లి పోతే యజమానికి తిరిగి దక్కేది దాదాపు ఏమీ ఉండదు. అందువల్ల చిన్న జంతువుల విషయంలో పరిహారం మీద ఆశ కంటే గూటి గడియ మీద శ్రద్ధే ఉపయోగకరం.

కాలాన్ని బట్టి జాగ్రత్తలు

మార్చి నుంచి జూన్ వరకు నీటి ఎద్దడి కాలం. పెద్ద మృగాలు చెరువుల దాకా వస్తాయి. మంద పొలాల్లో పడుకునేది కూడా ఈ రోజుల్లోనే కాబట్టి కాపలా పెంచాలి, సందెవేళ చెరువుకు పశువులను ఒంటరిగా తోలకూడదు. జూలై నుంచి తొలకరి పచ్చికతో పొదలు దట్టమవుతాయి. ఇంటి చుట్టూ, దొడ్డి చుట్టూ పదిహేను ఇరవై అడుగుల మేర కంప నరికి ఉంచితే నక్కకు, జంగుపిల్లికి చాటు దొరకదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలకు బొరియలు మునిగి పాములు మెరక కోసం గూళ్లలోకి, కొట్టాల్లోకి వస్తాయి. కట్టెల మోపులు, పాత పెంకుల కుప్పలు ఇంటికి దూరంగా ఉంచాలి. చలికాలం రాత్రులు పొడవు, మనుషులు పెందలాడే తలుపులు వేసుకుంటారు. దొడ్డి తలుపు కూడా ఇంటి తలుపు కన్నా ముందే పడాలి. వింజమూరు చుట్టుపక్కల కాపరులు పడుకోబోయే ముందు మందను ఒకసారి లెక్కపెట్టుకుంటారు. ఇంట్లో కుక్కా పిల్లీ కోళ్లూ ఉన్నవారికి కూడా ఆ లెక్కే మొదటి కంచె.